ఛత్తీస్‌గఢ్: 36 గఢ్‌ల నుంచి తహసీళ్ల దాకా

ఫ్రెండ్స్, పోయిన నెల మాక్ టెస్టులో "కలచురి పాలనలో గఢ్ వ్యవస్థను వివరించండి" అని అడిగారు. నేను 36 పేర్లూ వరసగా రాసి వచ్చాను. సగం మార్కులు కూడా రాలేదు. పేర్లు ప్రిలిమ్స్‌కి పనికొస్తాయి. మెయిన్స్‌లో అడిగేది ఆ వ్యవస్థ ఎలా పనిచేసింది, ఎందుకు పోయింది అనే. అందుకే ఈ నోట్స్.

భౌగోళికం

కలచురుల రాజధాని రతన్‌పూర్. 14వ శతాబ్దం చివరికి రాయ్‌పూర్‌లో మరో శాఖ ఏర్పడింది. సరిహద్దు శివనాథ్ నది. ఉత్తరాన రతన్‌పూర్ కింద 18 గఢ్‌లు, దక్షిణాన రాయ్‌పూర్ కింద 18. రతన్‌పూర్, మారో, ఖరౌద్, లాఫా, పెండ్రా ఉత్తరానివి. రాయ్‌పూర్, పాటన్, సిమ్‌గా, దుర్గ్, రాజిమ్ దక్షిణానివి. రాష్ట్రం పేరు ఈ 36 గఢ్‌ల నుంచే వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. 'చేదీశగఢ్' నుంచి వచ్చిందని రాయ్ బహదూర్ హీరాలాల్ అభిప్రాయం. జవాబులో రెండూ రాయండి.

నిర్మాణం

- గఢ్: 84 గ్రామాలు, అధికారి దీవాన్
- బారహోం: 12 గ్రామాలు, అధికారి దావూ
- గ్రామం: పెద్ద గౌంటియా

7 × 12 = 84. లెక్క ఇంత చక్కగా ఉన్నా 84 ఒక ఆదర్శ సంఖ్య మాత్రమే. ప్రతి గఢ్‌లో సరిగ్గా అన్ని ఊళ్లు ఉండేవని రాయకండి.

పోలికకు ఐర్లాండ్ చూడండి. అక్కడ కౌంటీ కింద బారనీ, అడుగున టౌన్‌ల్యాండ్. 1898 స్థానిక పాలన చట్టంతో బారనీల పాలనా పాత్ర ముగిసింది, పేర్లు మాత్రం మిగిలాయి. మన గఢ్‌ల కథా దాదాపు ఇదే.

మార్పులు

1741లో భాస్కర్ పంత్ దండయాత్రతో రతన్‌పూర్ మరాఠాలకు లొంగింది. 1758 నుంచి బింబాజీ భోంస్లే నేరుగా పాలించాడు. 1787లో సూబా పద్ధతి వచ్చింది. సూబేదార్ విఠల్‌రావు దినకర్ 1790లో గఢ్‌ల స్థానంలో 27 పరగణాలు పెట్టి, వాటిపై కమావిస్‌దార్లను నియమించాడు. 1818 తర్వాత బ్రిటిష్ సూపరింటెండెంట్ ఆగ్న్యూ రాజధానిని రాయ్‌పూర్‌కి మార్చి, పరగణాలను 8కి కుదించాడు. 1854లో నాగపూర్ రాజ్యం విలీనమయ్యాక తహసీళ్లు వచ్చాయి.

మైదానంలోని గఢ్‌లు ఇలా నేరుగా ప్రభుత్వానికి పన్ను కట్టే ఖాల్సా భూములయ్యాయి. లాఫా, మాతిన్, ఉప్రోడా, పెండ్రా లాంటి కొండ ప్రాంతాలు జమీందారీలుగా మిగిలాయి. కొండల్లోకి వెళ్లి పన్ను వసూలు చేయడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే కదా.

రైతుకి ఏమైంది?

అసలు విషయం ఇక్కడుంది. పాత పద్ధతిలో గౌంటియా ఊరి పెద్దే గాని యజమాని కాదు. చాలా ఊళ్లలో కొన్నేళ్లకోసారి పొలాలను మళ్లీ పంచుకునే 'లఖాబాటా' ఆచారం ఉండేది. మంచి నేల, చెడ్డ నేల అందరికీ కొంచెం కొంచెం వచ్చేది. 1860ల సెటిల్‌మెంట్ గౌంటియాలను మాల్‌గుజార్లుగా గుర్తించి యాజమాన్య హక్కు ఇచ్చింది. నిన్నటిదాకా పన్ను వసూలు చేసినవాడు ఊరికి సొంతదారు అయ్యాడు. ఆ హక్కును తీసేయడానికి 1950 మధ్యప్రదేశ్ మాలికానా హక్కుల రద్దు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ముగింపు

మన ఆంధ్రలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఆఫీసు ఊరికి దగ్గరైంది. ఇక్కడ 1860లలో మారింది ఆఫీసు కాదు, భూమి ఎవరిదన్న సంగతి. పాలనా విభాగాల మీద ప్రశ్న వస్తే పేర్లు, సంవత్సరాలతో ఆపకండి. గీత మారినప్పుడు నేల ఎవరి చేతికి వెళ్లిందో ఒక్క పేరాలో రాయండి. నేను రాయనిది అదే.

ప్రాక్టీస్ ప్రశ్న: "గఢ్ నుంచి తహసీల్ వరకు జరిగిన మార్పు పాలనాపరమైనదే కాదు, ఆస్తి సంబంధాల మార్పు కూడా." చర్చించండి. (150 పదాలు)