కొలువు, వలస, ఓటు: కార్వాన్ నుంచి మేరీలాండ్ దాకా ఒక పరిశీలన

గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు దిగిన చోటు కార్వాన్. వజ్రాల బేరానికి వచ్చిన గుజరాతీ సాహుకార్లు ఇక్కడ స్థిరపడ్డారు. 1671 నాటి తోలి మసీదు ఇంకా నిలిచే ఉంది. బయటివాడు ఊరివాడు కావడం ఈ పేటకు కొత్త కాదు. అయితే బయటినుంచి వచ్చి సర్కారు కొలువు చేసుకుంటున్న మనిషి ఎన్నికల్లో నిలబడాలంటే అతనికి అడ్డొచ్చేది వలసా, కొలువా? కొలువేనని ఈ వ్యాసం ప్రతిపాదన.

కార్వాన్ డివిజన్ నుంచి కార్పొరేటర్‌గా పోటీ చేసే వ్యక్తిని ఎక్కడ పుట్టావని చట్టం అడగదు. భారత పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, నగర ఓటర్ల జాబితాలో పేరు ముఖ్యం. ప్రభుత్వ ఉద్యోగివా అన్న ప్రశ్న మాత్రం తప్పదు. శాసనసభకు అనర్హుడైనవాడు పురపాలికకూ అనర్హుడేనని రాజ్యాంగం 243వీ అధికరణం చెబుతోంది. లాభదాయక పదవిలో ఉన్నవారు శాసనసభకు అనర్హులని 191వ అధికరణం. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి అంతకుముందే తలుపు మూస్తుంది. చరిత్ర చూస్తే హైదరాబాద్‌లో పుట్టుక గురించిన పోరు నడిచింది ఓటు దగ్గర కాదు, ఉద్యోగం దగ్గర. 1919 నాటి ముల్కీ నిబంధనలు స్థానికేతరుడు ముల్కీ (స్థానికుడు) కావాలంటే 15 ఏళ్ల నివాసం కోరాయి. 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చింది కూడా కొలువుల కోసమే.

కొలువు వదిలి గెలిచినవారు లేకపోలేదు. కృష్ణా జిల్లాలో పెరిగిన జయప్రకాశ్ నారాయణ్ 1996లో ఐఏఎస్‌కు రాజీనామా చేసి, 2009లో కూకట్‌పల్లి నుంచి శాసనసభకు వెళ్లారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ జనం ఎక్కువగా ఉన్న నియోజకవర్గం అది. రాజీనామాకూ గెలుపుకూ మధ్య 13 ఏళ్లు. అంత నిరీక్షణ ఒక గుమాస్తాకో, అసిస్టెంట్ ఇంజనీరుకో సాధ్యమా?

ఇందుకు భిన్నమైన దారి అరుణా మిల్లర్‌ది. పుట్టింటి పేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా చేరారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, 1990 నుంచి మేరీలాండ్‌లోని మోంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. ఆమెకు పౌరసత్వం వచ్చింది 2000లో. పదేళ్లకు, 2010లో, 15వ జిల్లా నుంచి రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచారు. గెలిచాక కూడా చాలాకాలం కౌంటీ ఇంజనీరుగానే ఉన్నారు. ఆ సభ సాధారణ సమావేశాలు జనవరిలో మొదలై 90 రోజుల్లో ముగుస్తాయి. సభ్యుల్లో చాలామందికి మరో వృత్తి ఉంటుంది. 2018లో అమెరికా కాంగ్రెస్ స్థానానికి తన పార్టీ ప్రాథమిక ఎన్నికలో, సొంత సొమ్ము భారీగా కుమ్మరించిన వ్యాపారి డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు. 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఈ కథను మన పత్రికలు తెలుగుబిడ్డ ఘనతగా రాసి ఊరుకున్నాయి. ప్రతిభ నిజమే, కానీ జీతం పోకుండా తొలి పోటీకి దిగనిచ్చిన ఏర్పాటు లేకుంటే ఆ ప్రతిభ బ్యాలెట్ దాకా వచ్చేదా అన్నది నా సందేహం.

అమెరికాలోనూ ఆంక్షలున్నాయి. 1939 నాటి హ్యాచ్ చట్టం ఫెడరల్ ఉద్యోగులను పార్టీ ఎన్నికల్లో పోటీకి అనుమతించదు. అయితే 2012 సవరణ రాష్ట్ర, స్థానిక ఉద్యోగుల విషయంలో పట్టు సడలించింది: జీతం పూర్తిగా ఫెడరల్ నిధుల నుంచి వచ్చేవారికే ఇప్పుడు పోటీపై నిషేధం. మన నిషేధానికీ బలమైన కారణముంది. టెండరు బిల్లు మీద సంతకం చేసే చెయ్యే కౌన్సిల్లో దాన్ని ఆమోదించకూడదు. మరి 191వ అధికరణమే ఏయే పదవులు అనర్హత కిందికి రావో ప్రకటించే అధికారాన్ని శాసనసభకు ఇచ్చింది కదా! ఆ వెసులుబాటు ఎక్కువగా కార్పొరేషన్ చైర్మన్ల వంటి రాజకీయ పదవులకే ఉపయోగపడింది. కార్వాన్ అసెంబ్లీ స్థానంలో 1985, 1989, 1994ల్లో బీజేపీ తరఫున గెలిచిన బద్దం బాల్‌రెడ్డి గానీ, 2014 నుంచి మజ్లిస్ తరఫున గెలుస్తున్న కౌసర్ మొహియుద్దీన్ గానీ పార్టీ మనుషులే. అది తప్పేమీ కాదు. వీధి దీపాలూ మురుగు కాల్వలూ తెలిసిన ఉద్యోగికీ ఒక దారి ఉండాలి.

తన వార్డు బిల్లులతో సంబంధం లేని శాఖలో పనిచేసే కిందిస్థాయి ఉద్యోగికి, కార్పొరేటర్ పోటీ కోసం జీతం లేని సెలవు ఇచ్చి, ఓడితే తిరిగి చేర్చుకునేలా తెలంగాణ శాసనసభ చట్టం తేవాలి.