ఫర్నిచరు సంరక్షణ

ఫర్నిచరు సంరక్షణ అనగా కుర్చీలు, బల్లలు, మంచాలు, బీరువాలు, సోఫాలు మొదలైన గృహోపకరణాలను వాటి తయారీకి వాడిన పదార్థాన్ని బట్టి శుభ్రపరచి, తేమ, ఎండ, కీటకాల బారినుండి కాపాడి, దీర్ఘకాలం మన్నేటట్లు చూసుకొనే విధానం. ఒక పదార్థానికి మేలుచేసే పద్ధతి మరొకదానికి హాని చేయవచ్చు. ఇత్తడిని మెరిపించే చింతపండు పాలరాతిని తినివేస్తుంది. నులక మంచంలోని నల్లులను చంపే మరిగే నీళ్ళు లక్క పాలిషును పాడుచేస్తాయి. కనుక వస్తువు దేనితో తయారైనది, దానిపై ఉన్న పూత ఏమిటి అన్నవి తెలుసుకోవడం ఈ పనిలో మొదటి మెట్టు.

నేపథ్యం

పూర్వం తెలుగువారి ఇళ్ళలో సామాను తక్కువ. పీటలు, నులక మంచాలు, కర్ర పెట్టెలు అందరి ఇళ్ళలోను ఉండేవి. కలిగినవారి ఇళ్ళలో పందిరి మంచం, భోషాణం, ఉయ్యాల బల్ల, పడక కుర్చీ వంటివి ఉండేవి. ఇవి చాలావరకు టేకు, జిట్రేగు, వేగిస, మద్ది వంటి చేవగల కర్రతో చేసినవి కావడం వలన రెండు మూడు తరాలవరకు నిలిచేవి. 20వ శతాబ్దంలో ఇనుప బీరువాలు, మడత కుర్చీలు, ఆ తరువాత ప్లైవుడ్, ప్లాస్టిక్, రెక్సిన్, స్పాంజి వచ్చాయి. నేడు ఒకే గదిలో ఐదారు రకాల పదార్థాలతో చేసిన సామాను కనిపిస్తుంది.

పాత సామానును భద్రపరచడం మ్యూజియములలో ఒక ప్రత్యేక శాస్త్రంగా అభివృద్ధి చెందింది. హైదరాబాదులో 1951లో ప్రారంభమైన సాలార్ జంగ్ మ్యూజియంలో కలపతోను, ఏనుగు దంతంతోను చేసిన విలువైన ఫర్నిచరు ఉంది. కళాఖండాల సంరక్షణ పద్ధతులపై పరిశోధన, శిక్షణ కొరకు 1976లో లక్నోలో ఒక జాతీయ ప్రయోగశాల స్థాపించబడింది. సంరక్షకులు పాటించే నియమాలు రెండు. వస్తువుపై అవసరమైనంత పని మాత్రమే చేయాలి. చేసిన పనిని తరువాతివారు తొలగించగలిగేలా చేయాలి. ఇంటి సామానుకు కూడా ఈ నియమాలు వర్తిస్తాయి.

సాధారణ సూత్రాలు

* దుమ్మును ముందుగా మెత్తని పొడి నూలు గుడ్డతో గాని, కుంచెతో గాని తొలగించాలి. దుమ్ములోని ఇసుక రేణువులు గరుకు కాగితం వలె పనిచేసి పాలిషుపై గీతలు పెడతాయి. అందుచేత దుమ్ము ఉండగా గట్టిగా రుద్దరాదు.
* తడిగుడ్డ అంటే బాగా పిండిన గుడ్డ అని అర్థం. వెంటనే పొడిగుడ్డతో తుడవాలి.
* కొత్త ద్రావణాన్ని దేనినైనా కనబడని చోట, ఉదాహరణకు కాలి వెనుక భాగంలో, కొద్దిగా పూసి చూసిన తరువాతనే మిగతా భాగంపై వాడాలి.
* బీరువాలను గోడకు ఆనించక నాలుగు వేళ్ళ సందు వదలాలి. గాలి ఆడుతుంది, గోడ చెమ్మ తగలదు, చెదలు వస్తే కనబడతాయి.
* నేరుగా ఎండ పడే కిటికీ పక్కన, కూలరు లేదా ఏసీ గాలి సూటిగా తగిలే చోట మంచి కలప సామాను ఉంచరాదు.

కలప

కలప గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, పొడి వాతావరణంలో తేమను వదలి కుంచించుకుపోతుంది. ఈ మార్పు కర్ర నారకు అడ్డంగా ఎక్కువ, నిలువుగా చాలా తక్కువ. వానాకాలంలో సొరుగులు బిగుసుకుపోవడానికి, వేసవిలో పలకల మధ్య సందులు రావడానికి ఇదే కారణం. వానాకాలంలో బిగుసుకున్న సొరుగును వెంటనే చిత్రిక పట్టించితే వేసవిలో అది వదులైపోతుంది. సొరుగు అంచులకు కొవ్వొత్తి మైనం రుద్దితే చాలావరకు సరిపోతుంది.

చెట్టు మధ్యభాగంలోని ముదురు రంగు కర్రను చేవ అంటారు. టేకు చేవలో ఉండే టెక్టోక్వినోన్ అనే రసాయనం చెదలకు సరిపడదు. చేవ చుట్టూ ఉండే తెల్ల కర్రకు ఈ రక్షణ లేదు. కనుక టేకుతో చేసినది గనుక చెదలు పట్టవు అన్న భరోసా చేవకు మాత్రమే చెల్లుతుంది.

పూతను గుర్తించడం

పాత సామానుపై ఎక్కువగా కనిపించేది లక్క పాలిషు. లక్క పురుగులు చెట్ల కొమ్మలపై స్రవించే జిగురు పదార్థాన్ని శుద్ధిచేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచని పొరలుగా పూస్తారు. కనబడని చోట ఒక చుక్క స్పిరిట్ వేసినప్పుడు పూత మెత్తబడి అంటుకుంటే అది లక్క పాలిషు అని తెలుసుకోవచ్చు. ఇటువంటి వస్తువును స్పిరిట్ కలిసిన ద్రావణాలతో తుడవరాదు. చేతులకు రాసుకొనే శానిటైజరు పడినా మచ్చ ఏర్పడుతుంది. పాలియురెథేన్, మెలమైన్ పూతలు దీనికంటె గట్టివి. వాటిని కొద్ది సబ్బునీటితో తడిపిన గుడ్డతో తుడవవచ్చు.

మచ్చలు

వేడి గ్లాసు లేదా తడి గిన్నె పెట్టినచోట ఏర్పడే తెల్లని వలయం పూతలో చిక్కుకున్న తేమ వలన వస్తుంది. కొద్ది రోజులు గాలికి ఆరనిస్తే అది తగ్గవచ్చు. తగ్గనిచో కొద్దిపాటి నూనె అద్దిన మెత్తని గుడ్డతో మృదువుగా రుద్దుతారు. నల్లని మచ్చ సంగతి వేరు. నీరు పూతను దాటి కర్రలోకి దిగినప్పుడు కర్రలోని టానిన్‌లు ఇనుముతో కలిసి నల్లబడతాయి. అది తుడిస్తే పోదు. ఆ భాగంలో పూత తీసి తిరిగి పాలిషు చేయించాలి.

మెరుపు కొరకు కొబ్బరి నూనె, నువ్వుల నూనె రాయడం కొన్ని ఇళ్ళలో అలవాటు. ఈ నూనెలు అవిసె నూనె వలె ఎండి గట్టిపడవు. అవి జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టుకుంటాయి. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు తేనెమైనం కలిసిన పాలిషును పలుచగా రాసి తుడవడం మేలు.

చెదలు, పుచ్చు

చెదపురుగులు సాధారణంగా నేలనుండి మట్టి గొట్టాలు కట్టుకొంటూ వస్తాయి. వెలుతురుకు ఇష్టపడవు గనుక కర్రను లోపలినుండి తిని పైపొరను వదిలివేస్తాయి. వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం రావడం దీనికి గుర్తు. కనబడిన గొట్టాలను దులిపివేసినంత మాత్రాన ప్రయోజనం తక్కువ. పుట్ట నేలలో ఉంటుంది కాబట్టి ఇంటి పునాది చుట్టూ నేలకు మందు పెట్టించాలి. భవనాలకు చెదల నివారణ గురించి భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 ఉంది.

పుచ్చు పురుగులు వేరు. ఇవి కర్రలోని పిండిపదార్థం కొరకు వస్తాయి. సన్నని గుండ్రని రంధ్రాలు, వాటి కింద పౌడరు వంటి పొడి వీటి ఆనవాళ్ళు. రంధ్రాలు పెద్ద పురుగులు బయటకు వెళ్ళిన దారులు, అసలు నష్టం చేసేవి లోపల ఉండే లార్వాలు. రంధ్రాలలో మందు పట్టించి మైనంతో మూసివేయాలి. పూత లేని అడుగు భాగాలకు, వెనుక పలకలకు కూడా వార్నిషు వేస్తే పురుగులు గుడ్లు పెట్టడం కష్టమవుతుంది.

ప్లైవుడ్, పొట్టు పలకలు

రంపపు పొట్టును, కర్ర నారను జిగురుతో కలిపి ఒత్తిడితో తయారుచేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకలకు నీరు ప్రధాన శత్రువు. ఒకసారి ఉబ్బిన పలక ఎండినా మునుపటి ఆకారానికి రాదు. నేల తుడిచే నీళ్ళు తగలకుండా వీటికి కనీసం రెండు అంగుళాల ఎత్తు కాళ్ళు ఉండాలి. సాధారణ ప్లైవుడ్ ఐఎస్ 303, నీటిని బాగా తట్టుకొనే మెరైన్ ప్లైవుడ్ ఐఎస్ 710 ప్రమాణాల కిందకు వస్తాయి. ఈ పలకల జిగురునుండి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడవచ్చు. దీనిని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. కొత్త బీరువా తెచ్చిన తరువాత కొన్ని వారాలు గది కిటికీలు తెరచి ఉంచడం మంచిది.

పేము, వెదురు, నులక, నవారు

పేము కుర్చీల అల్లికలోని దుమ్మును పాత పళ్ళ కుంచెతో తీయాలి. పేము మరీ ఎండితే పెళుసెక్కి విరుగుతుంది. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. కుంగిన అల్లికను అడుగువైపునుండి తడిపి ఆరనిస్తే కొంతవరకు బిగుసుకుంటుంది. వెదురులో పిండిపదార్థం ఎక్కువ కాబట్టి పుచ్చు త్వరగా పడుతుంది.

నవారును విప్పి ఉతికి, పూర్తిగా ఎండిన తరువాత మరల అల్లాలి. నులక మంచాలకు, కర్ర మంచాల కీళ్ళకు నల్లులు పట్టడం పాత సమస్య. మంచాన్ని ఎండలో వేసినంత మాత్రాన నల్లులు చావవు, అవి నీడ ఉన్న సందులలోకి జరుగుతాయి. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడి నేరుగా తగిలితే నల్లులు, వాటి గుడ్లు నశిస్తాయి. పూర్వం కీళ్ళలో మరిగే నీళ్ళు పోయడంలోని ఆంతర్యం ఇదే. పాలిషు చేసిన మంచాలకు ఈ పద్ధతి పనికిరాదు.

లోహాలు

ఇనుప సామానుకు రంగు పొర ఒక్కటే రక్షణ. గీత పడినచోట తుప్పు మొదలై రంగు కిందుగా వ్యాపిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో గాలిలోని ఉప్పు వలన ఇది మరింత వేగంగా జరుగుతుంది. తుప్పును గరుకు కాగితంతో మెరిసేవరకు తీసి, రెడాక్సైడు పూసి, ఆరిన తరువాత రంగు వేయాలి. బీరువా కాళ్ళ రబ్బరు తొడుగులలో నీరు నిలవకుండా చూడాలి.

స్టెయిన్‌లెస్ స్టీలుకు బ్లీచింగు ద్రావణం, ఉప్పునీరు తగిలితే సన్నని గుంటలు పడతాయి. ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు గాని, వెంటనే కడిగి తుడవాలి. పారదర్శకమైన లక్కరు పూత ఉన్న ఇత్తడి మంచపు కమ్మీలను తోమరాదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్లాస్టిక్, గాజు, రాయి

ఆరుబయట ఉంచిన ప్లాస్టిక్ కుర్చీలు ఎండలోని అతినీలలోహిత కిరణాల వలన పెళుసెక్కుతాయి. రంగు వెలిసి, చేతికి తెల్లని పొడి అంటుతూ ఉంటే, లేదా కాళ్ళ మూలలలో సన్నని పగుళ్ళు ఉంటే ఆ కుర్చీని వృద్ధులకు వేయరాదు. అది చెప్పకుండా విరుగుతుంది.

పాలరాయి, కడప రాయి, తాండూరు రాయి సున్నపు జాతికి చెందినవి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగరు, టాయిలెట్లు కడిగే ఆసిడ్ పడితే ఇవి కరిగి మెరుపు కోల్పోతాయి. చీమకుర్తి నల్లరాయి వంటి గ్రానైటు రకాలు బలహీనమైన ఆమ్లాలను తట్టుకుంటాయి. గాజు బల్లలకు నీరు, కొద్దిగా సబ్బు చాలు. అంచు పెచ్చులూడిన గాజును మార్పించాలి.

తోలు, రెక్సిన్, గుడ్డ సోఫాలు

తోలుకు వానాకాలంలో బూజు పడుతుంది. బూజును ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టి, తరువాత తోలు క్రీము రాయాలి. రెక్సిన్‌కు క్రీములు అవసరం లేదు. పాలియురెథేన్ పూత గల కృత్రిమ తోలు మన ఉక్క వాతావరణంలో కొన్నేళ్ళకు పొరలుగా ఊడడం సహజం, దానిని మరమ్మతు చేయడం సాధ్యం కాదు.

గుడ్డ సోఫాలలో చేరే దుమ్ము పురుగులు మనిషి చర్మపు పొట్టుపై బతుకుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇవి హాని. వారానికి ఒకసారి వాక్యూమ్ క్లీనరుతో శుభ్రపరచి, తొడుగులను వేడినీటిలో ఉతకాలి. విదేశీ సోఫాల చీటీపై డబ్ల్యు అక్షరం ఉంటే నీటితో, ఎస్ ఉంటే డ్రైక్లీనింగు ద్రావణంతో శుభ్రపరచవచ్చు. ఎక్స్ ఉంటే దుమ్ము మాత్రమే తీయాలి.

వరదలో తడిసిన సామాను

2009 అక్టోబరులో కర్నూలు వరద, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద ఇంటి సామానుకు తీవ్రనష్టం కలిగించాయి. అటువంటి సమయాలలో ఈ క్రింది క్రమం పాటించాలి.

* ఒండ్రు మట్టి ఎండకముందే మంచినీటితో కడగాలి. ఎండితే కీళ్ళలో గట్టిపడుతుంది.
* గట్టి కలప సామానును ఎండలో పెట్టరాదు. ఒక్కసారిగా ఎండితే పలకలు వంగి చీలుతాయి. నీడలో, గాలి ఆడేచోట, ఇటుకలపై ఎత్తి నెమ్మదిగా ఆరనివ్వాలి.
* ఉబ్బిన సొరుగులను లాగరాదు. వెనుక పలక విప్పి లోపలికి గాలి వెళ్ళనివ్వాలి.
* పూర్తిగా ఆరడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. అంతవరకు పాలిషు చేయించరాదు.
* మురుగునీటిలో నానిన పరుపులు, సోఫా స్పాంజి, పొట్టు పలకల సామాను పారవేయడమే ఆరోగ్యానికి మంచిది. డబ్బు కొరత ఉన్నప్పుడు ముందుగా కాపాడదగినవి గట్టి కర్ర మంచాలు, ఇనుప సామాను.

ప్రమాదాలు, జాగ్రత్తలు

* బ్లీచింగు ద్రావణాన్ని ఆసిడ్‌తో గాని, అమ్మోనియాతో గాని కలపరాదు. వెలువడే విషవాయువులు ప్రాణాంతకం కావచ్చు.
* అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడవేస్తే లోపల వేడి పెరిగి వాటంతట అవే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచాలి.
* పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది. భారతదేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షలకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరునుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు రంగువేసిన ఊయలలు, మంచాలను పొడిగా గీకరాదు. తడిపి గీకాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.
* బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు జీ6పీడీ లోపం గల శిశువులలో రక్తకణాలను ధ్వంసం చేయగలవు. అటువంటి బట్టలను ఎండవేసి ఉతికిన తరువాతనే పిల్లలకు వాడాలి.
* చీమలు పట్టకుండా బల్ల కాళ్ళ కింద ఉంచే నీళ్ళ గిన్నెలలో డెంగీ దోమలు పెరుగుతాయి. వారానికి ఒకసారి గిన్నెలను రుద్ది కడిగి నీళ్ళు మార్చాలి. కర్ర కాళ్ళు నేరుగా నీటిలో నానకుండా చూడాలి.
* చిన్న పిల్లలున్న ఇళ్ళలో ఎత్తైన అలమరలను గోడకు బిగించాలి. తెరచిన సొరుగులపై పిల్లలు ఎక్కితే అలమర వారిపై పడగలదు.

ఇవి కూడా చూడండి

* టేకు
* లక్క
* చెదపురుగు
* వెదురు
* తుప్పు
* సాలార్ జంగ్ మ్యూజియం