నాలుగు స్క్రూల గిటారు

1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ ఒక రేడియో రిపేరు దుకాణం తెరిచాడు. అంతకుముందు ఆయన పని లెక్కలు రాయడం. చుట్టుపక్కల బ్యాండ్లలో వాయించేవాళ్లు మొరాయించిన యాంప్లిఫయర్లను, మైకు సెట్లను ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఏ సామాను ఎక్కడ చెడుతుందో, దాన్ని విప్పడానికి ఏది అడ్డం వస్తుందో ఆ బల్ల దగ్గరే ఆయనకు తెలిసొచ్చింది. గిటారు వాయించడం మాత్రం చివరిదాకా నేర్చుకోలేదు.

1950లో ఆయన అమ్మకానికి పెట్టిన గిటారులో ఈ రిపేరు బుద్ధి స్పష్టంగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది దానికి టెలికాస్టర్ అన్న పేరు స్థిరపడింది. లోపల బోలు లేదు, ఒంపులు చెక్కిన పైపలక లేదు. ఒట్టి చెక్క దిమ్మ, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన నెక్ (మెడ). గిబ్సన్ లాంటి పాత కంపెనీల్లో నెక్‌ను బాడీలోకి దించి జిగురుతో అతికించడం పెద్ద పనితనం. అది వంగినా, ఫ్రెట్లు (వేలు నొక్కే చోట ఉండే లోహపు మెట్లు) అరిగినా గిటారు మొత్తం కార్ఖానాకో, నేర్పరి మెకానిక్ దగ్గరికో వెళ్లాల్సిందే. ఫెండర్ గిటారుకైతే పాత నెక్ విప్పి కొత్తది బిగిస్తే సరిపోతుంది. పాత కంపెనీలవాళ్లు దీన్ని చూసి నవ్వారు. అయితే విప్పి బిగించే వీలున్న వస్తువును కొన్నవాడు విప్పకుండా ఊరుకోడు. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో గిటారు చుట్టూ పుట్టిన చిన్న వృత్తుల్లో చాలావాటికి దారి ఇచ్చినవి ఆ నాలుగు స్క్రూలే.

1951 చివర్లో అదే పద్ధతిలో ప్రెసిషన్ బాస్ వచ్చింది. అప్పటిదాకా బ్యాండులో మంద్రస్వరం పలికించేది మనిషెత్తు డబుల్ బాస్. కారులో పట్టదు, జనం గోలలో వినపడదు, ఫ్రెట్లు లేవు కాబట్టి వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. కొత్త బాస్‌కు వీణ మెట్లలా ఫ్రెట్లు అమర్చారు. స్వరం కచ్చితంగా పడుతుందనే దానికి ఆ పేరు. తీగ పొడవు 34 అంగుళాలు. నేటికీ చాలా బాస్‌లకు అదే కొలత. గిటారు వాయించేవాడు కొద్ది సాధనతో బాస్ కూడా పట్టుకుని ఇంకో కొలువు సంపాదించుకోగలడన్నది ఫెండర్ ఆలోచన. మాంక్ మాంట్‌గోమరీ దాన్ని లయోనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో వాయించడంతో సంగీతజ్ఞుల కళ్లు దాని మీద పడ్డాయి.

ఆ కొలువులు నిజంగానే వచ్చాయి, ముఖ్యంగా రికార్డింగ్ స్టూడియోల్లో. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు జేమ్స్ జేమర్‌సన్ 1962 నాటి ప్రెసిషన్ బాస్ వాయించాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. మాసి, మొద్దుబారిన తీగల్లోనే తన నాదం ఉందని ఆయన నమ్మకం. ఇదీ ఒక రకం మార్పే, కాకపోతే ఏమీ ముట్టుకోకుండా చేసినది. పాట ఎన్ని లక్షల రికార్డులు అమ్ముడుపోయినా వాయించినవాళ్లకు దక్కేది ఆనాటి కూలీ, తర్వాతి రోజుల్లో వారం జీతం. రాత్రిపూట క్లబ్బుల్లో జాజ్ వాయించి మరికొంత సంపాదించుకునేవారు. రికార్డు అట్ట మీద వాళ్ల పేర్లు ఉండేవి కావు. 1971లో గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌తో గాని ఆ పద్ధతి మారలేదు. 1972లో కంపెనీ లాస్ ఏంజిలస్‌కు తరలిపోవడంతో డెట్రాయిట్ వాద్యకారుల కింద నేల కదిలింది. జేమర్‌సన్ 1983లో చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను గుర్తించింది 2000లో.

లాస్ ఏంజిలస్‌లో కరోల్ కే బతుకు బాట ఇంకోలా సాగింది. ఆమె మొదట జాజ్ గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగుకు బాస్ వాయించే మనిషి రాకపోతే ఆ వాద్యం ఆమె చేతికొచ్చింది. తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జ్ దగ్గర వాటి మీద ఫెల్టు గుడ్డ ముక్క అంటించి, పిక్‌తో మీటి, టక్కుమని తెగే నాదం రాబట్టింది. దానికి ఖర్చు దాదాపు ఏమీ లేదు, స్టూడియోలో మాత్రం చేతినిండా పని దొరికింది. ఆ తర్వాత ఆమె బాస్ పాఠ్యపుస్తకాలు తానే రాసి, తానే ప్రచురించి అమ్మింది.

తీగల సంగతి వేరే కథ. 1950ల్లో దొరికే గిటారు తీగలు లావుగా ఉండేవి. మూడో తీగ మీద సన్నటి తీగ చుట్టి ఉండేది. దాన్ని పక్కకు వంచి స్వరం జార్చాలంటే వేళ్లు పచ్చిపుండ్లయ్యేవి. తెలివైనవాళ్లు బాంజో తీగలు కొని గిటారుకు బిగించుకున్నారు. గాయకుడు రికీ నెల్సన్ దగ్గర వాయించిన జేమ్స్ బర్టన్ వారిలో ఒకడు. కాలిఫోర్నియాలోని టార్జానాలో గిటారు దుకాణం నడిపే ఎర్నీ బాల్ తన శిష్యుల అవస్థ చూసి సన్నతీగల సెట్ చేయమని ఫెండర్ కంపెనీని అడిగాడు. వాళ్లు కుదరదన్నారు. తీగలు చేసే కార్ఖానాకు తానే ఆర్డరిచ్చి 1960ల మొదట్లో 'స్లింకీ' పేరుతో అమ్మాడు. వాయించే దుకాణదారుడికి కనిపించింది పెద్ద కంపెనీకి కనిపించలేదు. రాక్ సంగీతంలో తీగను సాగదీసి పలికించే గమకాలు చాలావరకు ఈ సన్నతీగల చలవే. మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ విషయంలో పోయిన దారీ దీనికి దూరం కాదు. జంట తీగల మీద కర్ణాటక గమకం పలకదని, ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఒంటి తీగలు ఐదు వేసుకున్నాడు.

1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు మూడు పికప్‌లు (తీగల అదురును కరెంటుగా మార్చేవి), వాటిని ఎంచుకోవడానికి మూడు స్థానాల స్విచ్. దాన్ని రెండు స్థానాల నడుమ జాగ్రత్తగా ఆపితే రెండు పికప్‌లు కలిసి మోగి ఇంకో కొత్త నాదం వస్తుందని వాయించేవాళ్లు కనిపెట్టారు. ఆ నడిమి స్థానాలు కూడా కలిపిన ఐదు స్థానాల స్విచ్‌ను కంపెనీ అమర్చింది 1977లో, అంటే ఇరవై మూడేళ్ల తర్వాత.

ఈలోగా 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ ఫెండర్ కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు కొనేసింది. ఉత్పత్తి పెరిగి పనితనం పలచబడిందని ఫిర్యాదులు మొదలయ్యాయి. స్క్రూలు కూడా కొన్ని నమూనాల్లో నాలుగు నుంచి మూడుకు దిగాయి. కొత్తవి నచ్చనివాళ్లు పాతవాటి కోసం తాకట్టు దుకాణాలు గాలించారు. 1970లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లో ఒకేసారి ఆరు పాత స్ట్రాటోకాస్టర్లు కొన్నాడు. మూడు స్నేహితులకిచ్చి, మిగతా మూడింటిలోని మంచి భాగాలు ఏరి ఒక్క గిటారు కూర్చుకున్నాడు. 'బ్లాకీ' అనే ఆ అతుకుల గిటారు 2004లో వేలంలో 9,59,500 డాలర్లు పలికింది.

ఫెండర్ పికప్‌లో ఒకటే తీగచుట్ట. కరెంటు హోరు అందులోకి చొరబడుతుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ హోరును ఒకదానితో ఒకటి కొట్టేసేలా చేశాడు. అదే హంబకర్. దాన్ని ఫెండర్ గిటారులో పెట్టాలంటే ఉలి పట్టి గుంత వెడల్పు చేయాలి. సేమూర్ డంకన్ అనే అమెరికన్ మెకానిక్ 1970ల మొదట్లో లండన్‌లో ఒక పాత టెలికాస్టర్‌కు రెండు హంబకర్లు అమర్చి గిటారిస్టు జెఫ్ బెక్‌కు ఇచ్చాడు. 1976లో శాంటా బార్బరాలో పికప్‌ల కంపెనీ పెట్టాడు. అంతకు ముందే, 1972లో, న్యూయార్క్‌లో లారీ డిమార్జియో 'సూపర్ డిస్టార్షన్' పికప్‌ను తయారుచేశాడు. పాతది తీసి పెట్టుకోవడానికే విడిగా అమ్మిన పికప్‌లలో పేరు తెచ్చుకున్న మొదటిది అదే. కాలిఫోర్నియాలో షార్వెల్, షెక్టర్ లాంటి రిపేరు దుకాణాలు బాడీలు, నెక్‌లు విడివిడిగా అమ్మడం మొదలుపెట్టాయి. గిటారు సైకిలులా విడిభాగాల సరుకైంది.

గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఆ సరుకులోంచే 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ కొన్నాడు. గిబ్సన్ గిటారులోంచి పీకిన హంబకర్‌ను కరిగించిన మైనంలో ముంచి అందులో బిగించాడు. యాంప్లిఫయర్ ధ్వని హెచ్చినప్పుడు చుట్టలోని వదులు తీగలు అదిరి కీచుమంటాయి. వాటి సందుల్లోకి మైనం దిగితే ఆ అదురు ఆగుతుంది. అవసరం లేని వైర్లన్నీ తీసేసి ఒక్క వాల్యూమ్ మీట మాత్రం ఉంచుకున్నాడు. 1978లో వచ్చిన అతని బృందం తొలి ఆల్బమ్ విన్నవాళ్లకు ఆ గిటారు ఎక్కడా కొనడానికి దొరకలేదు. 1980ల్లో కంపెనీలన్నీ ఆ తీరులోనే గిటార్లు చేశాయి. 2007లో ఫెండర్ సంస్థ ఎడ్డీ గిటారుకు దాని కాలిన మచ్చలతో, గీతలతో సహా 300 నకళ్లు చేసి ఒక్కొక్కటి 25,000 డాలర్లకు అమ్మింది.

బాస్ మీద జరిగిన పెద్ద మార్పు ఫ్రెట్లు పీకేయడం. ఫ్రెట్లు పెట్టిందే కచ్చితత్వం కోసమైతే, ఇది వెనక్కి నడిచినట్టే. బాస్ వాద్యకారుడు బిల్ వైమన్ 1961లోనే ఒక చౌకరకం బాస్‌కు ఆ పని చేశాడు. దాన్నొక కళగా నిలబెట్టినవాడు ఫ్లోరిడా యువకుడు జాకో పాస్టోరియస్. తన 1962 ఫెండర్ జాజ్ బాస్ ఫ్రెట్లు ఊడదీసి, గాడులను చెక్క పుట్టీతో పూడ్చి, గట్టి తీగలు చెక్కను తినేయకుండా పడవలకు పూసే ఎపాక్సీ పూత వేశాడు. 1976లో వచ్చిన అతని ఆల్బమ్‌తో పాడే గొంతులాంటి బాస్ నాదం లోకానికి తెలిసింది. ఆ బాస్ 1986లో న్యూయార్క్‌లో పోయింది. మరుసటి ఏడాది, 35 ఏళ్ల వయసులో, అతనూ పోయాడు. బాస్ మాత్రం రెండు దశాబ్దాల తర్వాత బయటపడింది.

పాత గిటార్లకు ధర పెరిగేకొద్దీ ఉలి పట్టడం తప్పయింది. గుంత తవ్విన, రంగు మార్చిన పాత ఫెండర్‌కు వేలంపాటలో విలువ తెగ్గోస్తారు. అయితే ఆ ఉలి పట్టింది పేరున్నవాడైతే లెక్క మారుతుంది: ఏళ్ల తరబడి నెక్, పికప్‌లు, స్విచ్‌లు మారుతూ వచ్చిన గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో 39.75 లక్షల డాలర్లకు పోయింది.

పికప్‌లు, వేలంపాటలు కొందరికే అందిన సంపాదన. గిటారు మెకానిక్ బల్ల మాత్రం ఎక్కువగా సాదా పనుల మీదే నడుస్తుంది: అరిగిన ఫ్రెట్లు చదును చేయడం లేదా కొత్తవి వేయడం, వాతావరణం మారి నెక్ వంగితే లోపలి ఇనుప కడ్డీ తిప్పి సరిచేయడం, తీగల ఎత్తు చూడటం, గరగరలాడే జాక్‌కు టంకం పెట్టడం. ఈ పని నేర్పే బడులు కూడా వెలిశాయి. అరిజోనాలోని ఫీనిక్స్‌లో రాబర్టో-వెన్ పాఠశాల 1975లో మొదలైంది. ఒహాయోలోని స్టూవర్ట్-మెక్‌డొనాల్డ్ సంస్థ 1968లో బాంజో భాగాలతో మొదలై, క్రమంగా ఈ బల్లలకు కావాల్సిన ఆకురాళ్లు, ఫ్రెట్ తీగ, రంపాలు పంపే దుకాణంగా ఎదిగింది.