వెండిగిన్నె మీది పేరు

చిత్తూరునుండి పలమనేరు మీదుగా బెంగళూరు పోవు బాటలో, మొగిలి కనుమ ఎక్కుటకు ముందు, బంగారుపాళ్యము కలదు. ఊరి పేరులో బంగారమున్నను నేటి మన ప్రసంగము వెండిని గూర్చినది. ఆ ఊరిలోనో, అట్టి మరియొక ఊరిలోనో, ఒక పాత ఇంట అటక మీది పెట్టెలో వెండిగిన్నె యొకటి కలదనుకొందము. అంచు చుట్టును లతల నగిషీ. అడుగున ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన మూడక్షరములు. ఇంటివారు దానిని తాతలనాటి గిన్నె యందురు. ఏ తాత అని అడిగినచో మాట ముందుకు సాగదు. ఇంటిలో పెండ్లి తలపెట్టినపుడు, దానిని కరగించి క్రొత్త కంచము చేయింతమను ఆలోచన పుట్టును. అట్లు చేయుటకు ముందు ఆ గిన్నెను చదువుట ఎట్లో చెప్పవలెనని నా ఉద్దేశము. గిన్నె కూడ ఒక చిన్న శాసనమే. దానికి బరువున్నది, ముద్రయున్నది, వ్రాతయున్నది.

మొదట దానిని త్రాసులో వేయవలెను. మన పాత్రలకు వలసిన వెండిలో పెద్ద పాలు ఓడల మీద వచ్చినదే. వచ్చినది తరచుగా నాణెములై చేతులు మారినది. బంగారుపాళ్యమునకు దూరము కాని ఆర్కాటు పేర పదునెనిమిదవ శతాబ్దిలో వెలువడిన రూపాయలు ఈ సీమయంతట చెలామణి అయినవి. నవాబు పేరు గల ఆ రూపాయనే మద్రాసులో ఇంగ్లీషువారు తామరపువ్వు గుర్తుతోను, పుదుచ్చేరిలో ఫ్రెంచివారు నెలవంక గుర్తుతోను ముద్రించిరి. పిదప 1835లో ఇంగ్లీషు కంపెనీవారు తమ యేలుబడి కంతటికిని ఒకే రూపాయి నేర్పరచిరి. దాని బరువు 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు మేలిమి వెండి. ఆనాటినుండి రూపాయియే తూనికరాయి కూడ అయినది. గిన్నె ఎంత యని అడిగిన ముసలమ్మ, ఇరువది రూపాయలెత్తు అని చెప్పుట నిన్నమొన్నటి మాటయే. ఇంటివారు రూపాయలను లెక్కించి కంసాలి చేతిలో పోసి, అంతయెత్తు పాత్రను తీసికొని, మజూరిని వేరుగా ఇచ్చుట వాడుక. కావున గిన్నె యనగా కూడబెట్టిన సొమ్మే. కష్టకాలమున మరల సొమ్ముగా మారుటకు సిద్ధముగా నున్న సొమ్ము.

తరువాత ముద్రను వెదుకవలెను. ఊరి కంసాలి చేసిన పాత్రకు సామాన్యముగా ముద్ర యుండదు. చేసినవాని మాటయే దానికి ముద్ర. పట్టణపు దుకాణములలో పద్ధతి వేరు. 1849లో మద్రాసున స్థాపితమైన పి. ఓర్ అండ్ సన్స్ వారు తమ సరకుపై తమ పేరు కొట్టెడివారు. దేవతల రూపములను ఉబ్బెత్తుగా తీర్చిన మద్రాసు వెండిపనిని దొరలు స్వామి వెండి యనిరి. 1875లో వేల్సు యువరాజు మన దేశమునకు వచ్చిన కాలమున ఆ పనికి సముద్రముల కావల కూడ పేరు వచ్చెను. ఇపుడు వెండి మేలిమిని తెలుపు హాల్‌మార్కు మన దేశమున 2005లో మొదలైనది. కావున ఆ గుర్తు గల గిన్నె తాతలనాటిది కాజాలదు. గుర్తు లేనంత మాత్రమున పాతదియు కాదు.

ఇక అక్షరములు. తెలుగువారి పేరులో మొదటి అక్షరము ఇంటిపేరుది. గిన్నె మీది మొదటి అక్షరము ఆ ఇంటివారి ఇంటిపేరుతో సరిపోయినచో చిక్కు లేదు. సరిపోనిచో అసలు చరిత్ర అక్కడ ఆరంభమగును. అది తాకట్టు విడిపించుకొనలేనివారి గిన్నె కావచ్చును. వేలములో కొన్నది కావచ్చును. కాని మన ఇండ్లలో అంతకంటె తరచైన కారణము వేరొకటి కలదు. అది కోడలి పుట్టినింటి అక్షరము. ఆమెకు సారెగానో, బిడ్డ పుట్టినపుడు ఉగ్గుగిన్నెగానో తల్లిదండ్రులు ఇచ్చిన పాత్ర. పెండ్లితో ఆమె ఇంటిపేరు మారినది. గిన్నె మీది ఇంటిపేరు మారలేదు. తాతలనాటి గిన్నె యని మనము చెప్పుకొనునది నిజమునకు అవ్వలనాటి గిన్నె.

ఇది కేవలము వేడుక మాట కాదు. పదునొకండవ శతాబ్ది చివర విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరము స్త్రీధనమును విపులముగా చర్చించినది. వివాహసమయమున అగ్నిసాక్షిగా ఇచ్చినది, తండ్రియు తల్లియు సోదరులును ఇచ్చినది ఆమె సొత్తే. ఉమ్మడి కుటుంబపు భూమిలో ఆడుబిడ్డకు కొడుకుతో సమానమైన జన్మహక్కు మన రాష్ట్రమున 1985 సవరణతోను, దేశమంతట 2005 సవరణతోను గాని రాలేదు. స్త్రీకి చెందిన ఆస్తిపై ఆమెకు పూర్తి హక్కు నిచ్చిన శాసనము 1956 నాటిది. అంతకుముందు అనేక తరములపాటు పొలము పట్టాలో లేని ఆడుదాని పేరు వెండిగిన్నె అడుగున నిలిచినది. ఆ మూడక్షరములను కరగించుట యనగా ఆమెకు గల ఒకే దస్తావేజును కాల్చుట వంటిది.

వ్రాసియుంచినచో పేరు ఎంతకాలము నిలుచునో చూపుటకు మన సీమలోనే గొప్ప సాక్ష్యము కలదు. బంగారుపాళ్యమునకును తిరుమలకును 2022లో తిరుపతి జిల్లా వేరుపడువరకు జిల్లా ఒకటే. తిరుమల ఆలయపు గోడపై గల శాసనమును బట్టి, క్రీ. శ. 966లో సామవై యను పల్లవ రాణి శ్రీవారి వెండి విగ్రహమును చేయించి ప్రతిష్ఠించినది. దానికి ఆభరణములను, ఉత్సవముల ఖర్చుకు భూమిని సమర్పించినది. నేడు భోగ శ్రీనివాసుడని పిలుచుచు నిత్యాభిషేకము జరుపునది ఆ మూర్తికే. వెయ్యేండ్లు దాటినను ఆ వెండి ఎవరిదను ప్రశ్నకు జవాబున్నది. ఏలయన, ఇచ్చిన స్త్రీ తన పేరును రాతిపై వ్రాయించినది.

అంతకంటె మన గిన్నెకు దగ్గరి చుట్టము మరియొకటి కలదు. 1513 ఫిబ్రవరి 10వ తేదీన శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల దర్శించి నవరత్న కిరీటమును, కర్పూరహారతులకు 25 వెండి పళ్లెములను సమర్పించెను. అదే దినమున ఆయన దేవేరులు తిరుమలదేవియు చిన్నాదేవియు స్వామికి పాలారగింపునకై చెరియొక బంగారు గిన్నెను సమర్పించిరి. చక్రవర్తి కానుకల నడుమ రెండు పాలగిన్నెలు! అయినను వ్రాయసకాడు వానిని రాజుగారి లెక్కలో కలిపివేయలేదు. ఎవరి గిన్నె వారి పేరనే శాసనమున కెక్కినది. మన ఇంటి పాత్రకు కూడ ఆ పాటి న్యాయము జరుగవలదా?

న్యాయము జరుగకపోవుటకు కాలము కూడ కారణమే. బంగారుపాళ్యము చూచిన మార్పులు కొన్ని కావు. చిత్తూరు పాలెములలో బంగారి ఒకటి. 1801లో ఆర్కాటు నవాబునుండి ఈ సీమ కంపెనీవారి వశమైనది. కప్పము విషయమున పాళెగార్లకును క్రొత్త ప్రభువులకును పొసగక 1804-05లో తిరుగుబాటు చెలరేగి, సైన్యముచే అణచబడెను. తక్కిన పాలెములు పోయినను బంగారి జమీందారీగా నిలిచినది. తుదకు 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలే అంతరించినవి. ఇట్టి మార్పు వచ్చిన ప్రతిసారి పెద్ద ఇండ్ల వెండి చేతులు మారును. చిన్న ఇండ్ల వెండిని చేతులు మార్చినది కరవు. 1876-78 నాటి మహాక్షామమున దక్షిణదేశపు రైతులు నగలను, పాత్రలను తిండిగింజలకై అమ్ముకొనిరి. ఆ వెండి రాసులుగా టంకసాలలకు చేరి మరల రూపాయలైనది. ఏ గిన్నెపై ఏ తల్లి పేరుండెనో ఇపుడు చెప్పగలవారు లేరు. ఆకలికి అమ్మినవారిని తప్పుపట్టరాదు. ఆకలి లేని దినములలో మనము చేయునదే ఆలోచింపదగినది.

చేయవలసినది స్వల్పము. గిన్నెను చింతపండుతో మెరుగుపెట్టుటకు ముందే అక్షరములను కాగితముపై ఉన్నవి ఉన్నట్లు దింపుకొనుడు. ఎక్కువగా తోమినచో చుక్కల వ్రాత అరిగిపోవును. బరువు వ్రాయుడు. ఇంటిలోని పెద్ద ముత్తైదువనో, అవ్వనో కూర్చుండబెట్టి, ఇది ఏ ఊరినుండి, ఎవరి పెండ్లికి వచ్చినదో అడిగి, ఆమె చెప్పినది ఆమె మాటలలోనే వ్రాయుడు. మగవారిని అడిగిన పొలముల చరిత్ర చెప్పుదురు. గిన్నెల చరిత్ర ఆడువారికి తెలియును. నూరేండ్లు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తు చట్టము క్రింద పురావస్తువగును. దానిని దేశము దాటించుట నిషిద్ధము. పొలము దున్నునపుడు భూమిలో దొరికినదైనచో 1878 నాటి నిధి చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను.

ఇంత చేసిన పిదప కూడ కరగింపక తప్పదనుకొనుడు. పెండ్లి ఖర్చులు అట్టివి. అపుడు కంసాలికి ఒక మాట చెప్పుడు: క్రొత్త కంచపు అడుగున క్రొత్త పేరుతో పాటు ఆ పాత మూడక్షరములను కూడ కొట్టుమనుడు. పట్టుమని పది నిమిషముల పని. ఎన్నడో పుట్టినిల్లు విడిచి వచ్చిన ఒక ఆడుబిడ్డ పేరు ఆ ఇంట మరియొక నూరేండ్లు నిలుచును.