వేలాడే చిలుక: వంశం, బతుకుతెరువు

వేలాడే చిలుక (శాస్త్రీయ నామం లోరిక్యులస్ వెర్నాలిస్) సిట్టాక్యులిడే కుటుంబానికి చెందిన బుల్లి చిలుక. పొడవు సుమారు 14 సెంటీమీటర్లు. ఒళ్ళంతా లేతాకు పచ్చ, ముక్కూ నడుము పైభాగమూ ఎరుపు, మగదానికి గొంతు మీద చిన్న నీలి మచ్చ. తోక పొట్టిది. కోనసీమ కొబ్బరి తోటల్లో రోజూ రామచిలుకలను చూసేవారికి ఇది ఇంకా తోక రాని రామచిలుక పిల్లలా అనిపించవచ్చు గానీ, రెండూ వేర్వేరు ఉపకుటుంబాలవి. పడమటి కనుమలు, ఈశాన్య భారతం, అండమాన్ దీవులు, ఆగ్నేయాసియా దేశాలు దీని నెలవులు. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యంగా గోదావరికి ఉత్తరాన, తూర్పు కనుమల తేమ అడవుల్లో ఉంటుంది. రాత్రిపూట గబ్బిలంలా తలకిందులుగా వేలాడి నిద్రపోతుంది, పేరు అందుకే వచ్చింది. ఈ పిట్ట వంశాన్ని పట్టిచ్చే సాక్ష్యం వేరు, దాని నివాసాన్ని నిర్ణయించే సాక్ష్యం వేరు. ఈ రెంటినీ కలిపేసినందువల్లే వర్గీకరణలో చాలాకాలం గందరగోళం నడిచింది. కోనసీమ అంత పచ్చగా ఉన్నా అక్కడ ఈ చిలుక ఎందుకు కాపురం పెట్టదన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ తేడాలోనే ఉంది.

స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త ఆండర్స్ స్పార్‌మన్ 1787లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అప్పట్లో కనబడ్డ ప్రతి చిలుకనూ సిట్టాకస్ అనే ఒకే ప్రజాతిలో వేసేవారు, దీన్నీ అందులోనే వేశాడు. 19వ శతాబ్దం నడుమ, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి లోరిక్యులస్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. పేరులోనే లోరీల పోలిక ఉంది. న్యూగినీ, ఆస్ట్రేలియా వైపు ఉండే లోరీలు పూల తేనె తాగి బతుకుతాయి, ఇదీ అంతే. చూడటానికి తిరుగులేని పోలికే. కానీ లోరీ నాలుక కొసన తేనెను అద్దుకునే కుచ్చు ఉంటుంది, వేలాడే చిలుకకు ఆ కుచ్చు లేదు. ఒకే తిండిని రెండూ వేర్వేరు పనిముట్లతో అందుకుంటున్నాయంటే ఆ అలవాటు రెండు వంశాల్లో విడివిడిగా పుట్టిందని అనుమానించాలి. ఇంటిపేరు ఒకటి, చేసే వృత్తి ఒకటి. వృత్తిని చూసి ఇంటిపేరు చెప్పబోతే జరిగే పొరపాటే ఇక్కడా జరిగింది.

అసలు బంధుత్వం ఎవరూ ఊహించని దిక్కున, ఆఫ్రికా లవ్‌బర్డ్స్‌లో దొరికింది. వేలాడే చిలుక గూడు కట్టే కాలంలో ఆకును ముక్కుతో సన్నని పేలికలుగా కత్తిరిస్తుంది. ఒక్కో పేలికనూ ఈకల సందున, ముఖ్యంగా నడుము మీది ఈకల్లో, దోపుకుంటుంది. అలా కొన్ని దోపుకుని తొర్రకు ఎగిరిపోతుంది. చిలుక జాతుల్లో ఇలా చేసేవి బహు తక్కువ, లవ్‌బర్డ్స్‌లో కొన్ని జాతులు సరిగ్గా ఇదే పని చేస్తాయి. ఇది నేర్చుకున్న విద్య కాదనడానికి కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త విలియం డిల్గర్ ప్రయోగం ఉంది. పేలికలను ఈకల్లో దోపుకునే జాతికీ, ముక్కున కరచి తెచ్చే జాతికీ ఆయన సంకర సంతానం పుట్టించాడు. ఆ పిల్లలు పేలికను దోపబోయి జారవిడిచేవి, దోపినా వదలడం తెలియక దాన్నే మళ్ళీ లాగేవి. ముక్కుతో తీసుకుపోవడం కుదరడానికి వాటికి ఏళ్ళు పట్టింది. రక్తంలో ఉన్నదే అంత గట్టిగా అడ్డు తగులుతుంది.

ప్రవర్తన కూడా రెండు చోట్ల విడివిడిగా పుట్టవచ్చు కదా, తేనె తాగడాన్ని నమ్మనప్పుడు పేలికలు దోపడాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? ఈ ఆక్షేపణ సబబైనదే. తిండి మీద ప్రకృతి ఒత్తిడి నిత్యం ఉంటుంది, అందువల్ల సంబంధం లేని జీవులు కూడా తిండి విషయంలో ఒకే దారికి వస్తుంటాయి. పేలికను ముక్కున తెచ్చినా నడుమున దోపుకుని తెచ్చినా గూడు కట్టడం ఆగదు కాబట్టి అక్కడ అంత ఒత్తిడి లేదు. అలాంటి అక్కర తక్కువ విచిత్రాలే పూర్వీకుల జాడను ఎక్కువ కాలం మోస్తాయి. అయినా ఒక్క అలవాటు మీద వంశవృక్షం నిలబెట్టడం సాహసమే. 2008లో టిమొతీ రైట్ బృందం ప్రచురించిన డీఎన్‌ఏ అధ్యయనం ఆ సాహసాన్ని సమర్థించింది: వేలాడే చిలుకలు, లవ్‌బర్డ్స్, ఫిలిప్పీన్స్‌లోని గ్వాయబెరో చిలుక ఒకే శాఖగా తేలాయి. 2012 నాటి వర్గీకరణ ఈ మూడింటినీ అగాపోర్నితినే అనే ఉపకుటుంబంలో చేర్చింది. లోరీలు మాత్రం పెంపుడు బడ్జీలకు దగ్గర చుట్టాలయ్యాయి. తలకిందుల నిద్ర అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించే లక్షణమే గానీ, చుట్టాలను గుర్తించడానికి అది పనికిరాలేదు. ఒక్క ప్రజాతికే పరిమితమైన గుణం ఆ ప్రజాతి వేరని చెబుతుంది, ఎవరికి దగ్గరో చెప్పదు.

వంశం విషయంలో తప్పుదారి పట్టించిన ఆ తేనె తిండే జీవావరణానికి వచ్చేసరికి అసలు సాక్షి అవుతుంది. తేనె నిలవ ఉండే తిండి కాదు. మోదుగ పూత ముగిసేసరికి ఇంకో చెట్టు పూయాలి, బూరుగ, బాడిద, బదనిక ఒకదాని తరవాత ఒకటి అందాలి, నడుమ మేడి, మర్రి పళ్ళు ఉండాలి. పూత ఎక్కడుంటే పిట్ట అక్కడికి పోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగే గూళ్ళ కాలానికి ఇరుకు మూతి తొర్ర కావాలి. తొర్ర తనంతట తొలుచుకోలేదు, వయసు మళ్ళిన చెట్లే దిక్కు. కోనసీమ పచ్చదనంలో ఇవి అరుదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, రాజోలు నుంచి అమలాపురం, కొత్తపేట దాకా ఉన్నది చాలావరకు కొబ్బరి, అరటి, వరి. చూపుకు అడవే, కానీ పూతల వరుస అందులో లేదు.

కేరళలో కొబ్బరి తోటలకు ఈ చిలుక వస్తుంది కదా అని అడగవచ్చు. శ్రీలంకలోని దీని చుట్టం కల్లు కుండల మీద వాలి మత్తెక్కుతుందని కూడా పాత గ్రంథాల్లో ఉంది. అయితే కేరళ పెరట్లో కొబ్బరి పక్కన పనస, మామిడి, మిరియం తీగ పాకించిన బాడిద ఉంటాయి, వెనకాలే కనుమలు ఉంటాయి. పిట్ట కొండల నుంచి తోటకు దిగి, పూత అయ్యాక తిరిగి కొండలకు పోగలదు. మన్యం కొండలకూ కోనసీమకూ నడుమ వరి మైదానం పరుచుకుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ అడ్డు మరింత గట్టిపడింది. అన్నం పెట్టిన ఆనకట్టను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు, పిట్టకు దారి తెగిందనేదే మాట. తోటలు కాదు, తోటలకూ అడవికీ మధ్య పూల చెట్ల వరుస లేకపోవడమే ప్రధాన లోపమని నా అంచనా.

అంతర్జాతీయ జాబితాలో ఈ జాతికి ప్రమాదం తక్కువని రాసి ఉంది, అది నిజమే. ఆ లెక్క జాతి మొత్తానిది. తూర్పు కనుమల్లోని చిలుకలు మిగతా నెలవులకు దూరంగా విడిపడి ఉన్నవి, ఇక్కడ తగ్గితే పడమటి కనుమల నుంచి వచ్చి నింపేవి ఉండవు. పోడు, ఒకే జాతి చెట్ల ప్లాంటేషన్లు ముందుగా తీసేసేది తొర్ర చెట్లనే. ముసలి చెట్టుకు కలప ధర రాదు కాబట్టి దాని పక్షాన వాదించేవారూ ఉండరు. కోనసీమలో ఇదే తొర్రల పరీక్ష రామచిలుకకు ఎదురవుతోంది. 1996 నవంబరు తుఫానులాంటివి తలలు విరిచిన కొబ్బరి మోళ్ళలో అది గూడు పెడుతుంది, దాని గూళ్ళ కాలమూ దాదాపు జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. తోట శుభ్రం చేయించే రైతు మోడు కొట్టించే ముందు తొర్రలో ఒకసారి చూడాలి. గూడు ఉంటే మే నెల దాకా ఆగడం వల్ల ఆయనకు పోయేదేమీ లేదు.