చీమలు చెప్పే చాడీలు

ఇలా మంట దగ్గరికి జరగండర్రా, ధనుర్మాసం చలి ఎముకలు కొరికేస్తోంది. ఒరే అబ్బాయ్, ఆ కొబ్బరిమట్ట ఇటు తొయ్యి.

ఇందాక బుజ్జమ్మ తన ఫోన్లో వాళ్ల హైదరాబాదు బాల్కనీలో మందారం ఫొటో చూపించింది. చిగుళ్లు ముడుచుకుపోయాయి, కణుపుల్లో అంతా తెల్లటి దూది. పిండినల్లి! "ఏ మందు కొట్టాలి మామ్మా?" అంటోంది. మందు సంగతి తరవాత, కుండీ మీదికి చీమలు పాకుతున్నాయా అని అడిగాను. పాకుతున్నాయట!

మా అత్తగారు మొక్కను చూసే ముందు నేలను చూసేది. అప్పటికి మన కడియం చుట్టూ ఇన్ని నర్సరీలు లేవు. అరుగు మీద మట్టికుండీల్లో క్రోటన్లు, పెరట్లో మందారం, కనకాంబరం, అంతే. చీమలు బారు కట్టి కుండీ ఎక్కుతుంటే చాలు, "పైన ఎవరో విందు పెడుతున్నారే కోడలా" అనేది. నిజమే మరి. పిండినల్లి ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. మనం పాల కోసం గేదెల్ని మేపుకున్నట్టే. పిల్లపురుగుల్ని నోట కరుచుకుపోయి లేతచిగురు మీద దింపుతాయి. తినడానికి అక్షింతల పురుగొస్తే తరిమేస్తాయి. మిగిలిన జిగురు కింది ఆకుల మీద పడి నల్లటి మసి పడుతుంది.

అందుకే ఆవిడ ముందు చీమల దారి మూసేది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యన ఇటుక పెట్టి, దానిమీద కుండీ ఎక్కించేది. గోడకి తగిలే కొమ్మ ఉంటే కత్తిరించేది. లేకపోతే చీమలకి అదే వంతెన. ఆ తరవాత తడిగుడ్డతో కణుపు కణుపూ తుడిచేది. బాగా పట్టేసిన కొమ్మని విరిచి పొయ్యిలో పెట్టేది తప్ప పెంట మీద పారేసేది కాదు.

తలంట్లు అయ్యాక మిగిలిన కుంకుడురసం మొక్కలకే. పురుగు మీద ఆ తెల్లపొడి మైనం లాంటిది, ఒట్టి నీళ్లు జారిపోతాయి. కుంకుడురసమైతే లోపలికంటా తడుపుతుంది. కానీ ఆ దూదిసంచుల్లో వందల గుడ్లుంటాయి, వాటికేం కాదు. అందుకని వారం వారం మళ్లీ కడగాల్సిందే. ఒక్కసారి కడిగి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

చామంతికి పేనుబంక పడితే మా మామగారు చుట్టలకి తెచ్చుకున్న లంకపొగాకులో కాడలు ఏరి ఉడికించేవారు. ఆ కషాయానికి పేనుబంక చచ్చేది. చల్లినవాళ్లకీ కళ్లు తిరిగి వాంతులయ్యేవి! అదీ విషమే. పాతకాలపుదంతా మంచిదే అనుకోకండర్రా.

ఆ తరవాత పొడుల కాలం వచ్చింది. 1953 నుంచి మలేరియా వాళ్లు ఊరూరా తిరిగి గోడలకి డీడీటీ కొట్టేవారు. చీమలకి గమాక్సిన్ గీతలు గీసేవాళ్లం. గీత గీసిన చెయ్యి మొక్క మీద చల్లకుండా ఊరుకుంటుందా? చల్లిన వారం కుండీ అద్దంలా మెరిసేది. తరవాత నల్లి రెట్టింపు. పొడి చల్లినా మైనం కింది గుడ్లు మిగిలాయి, వాటిని తినే అక్షింతల పురుగులు మాత్రం మిగల్లేదు. ఆ గమాక్సిన్‌ని 1997లో మన దేశంలో నిషేధించారు.

పిండినల్లిని తినే అక్షింతల పురుగొకటి ఉంది, ఎర్రటి తల, నల్లటి వీపు. ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చారు. దాని పిల్లపురుగు కూడా తెల్లటి మైనం కప్పుకునే తిరుగుతుంది. పెద్ద పిండినల్లే అనుకుని నలిపేస్తారు జనం. చురుగ్గా అటూ ఇటూ పరిగెడుతుంటే అది మన చుట్టమని గుర్తుపెట్టుకోండి.

ఆ మాటకొస్తే తెల్లపురుగు మేలు చేసిన రోజులూ ఉన్నాయి. మా నాన్న చెప్పేవాడు. మద్రాసు రాజధానిలో నాగజెముడు డొంకలు పొలాల్ని మింగేస్తుంటే, 1926లో సింహళం నుంచి ఓ పురుగును తెప్పించి వదిలారట. చూడ్డానికి పిండినల్లే, నలిపితే ఎర్రటి రంగు. అది పట్టిన చోటల్లా డొంకలు కుళ్లి కూలిపోయాయి. ముళ్లడొంకనే కూల్చిన పురుగుకి బంధువు ఈ పిండినల్లి, నీ మందారం దీనికో లెక్కా బుజ్జమ్మా?

ఈమధ్య కొత్త మొక్క ఏదైనా కొన్నావా? క్రోటనా? తెచ్చినరోజే మందారం పక్కన పెట్టావా? అదీ సంగతి. కొత్తది ఏదొచ్చినా రెండు వారాలు విడిగా ఉంచి, ఆకులు తిరగేసి చూసి, అప్పుడు కలపాలి. ఇంటికెళ్లగానే రెండింటినీ ఎడంగా జరుపు, చీమల దారి మూసెయ్, గుడ్డతో తుడువు. ఆ తరవాత సాయంత్రం పూట లీటరు నీళ్లకి ఓ చెంచాడు వేపనూనె. నూనె నీళ్లలో కలవదు, కాస్త కుంకుడురసం వేసి గిలక్కొట్టు. ముందు ఒక్క ఆకు మీద వేసి, మాడకపోతేనే మొక్కంతా చల్లు. వేప వెంటనే చంపదు. పురుగు తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక పోతుంది. మర్నాడే ఫోన్ చేసి ఇంకా చావలేదేం మామ్మా అనకు.

కుంకుళ్లు ఏదో యాప్‌లో తెప్పించుకుంటావా? అక్కర్లేదులే. అటక మీద బస్తా ఉంది, పొద్దున్నే నీ సంచీలో పోయిస్తాను.