హార్డ్‌షిప్ (కొరియన్ల ఆంగ్ల పదాభ్యాసము)

హార్డ్‌షిప్ అనునది ఆంగ్ల భాషలోని ఒక నామవాచకము. పేదరికము, ఆకలి, యుద్ధము, నిరుద్యోగము వంటి కారణములచే మనుష్యులు అనుభవించు తీవ్రమైన కడగండ్లను ఇది తెలుపును. కొరియన్ మాతృభాషగా గల విద్యార్థులకు ఈ పదము గుర్తుంచుకొనుట సులభమే గాని, ఎచ్చట వాడవలెనో తెలియుట కష్టము.

నేపథ్యము

దక్షిణ కొరియాలో 1997 నుండి ప్రాథమిక పాఠశాల మూడవ తరగతిలో ఆంగ్ల బోధన ప్రవేశపెట్టబడినది. 1993లో ప్రారంభమైన "సునుంగ్" అను కళాశాల ప్రవేశ పరీక్షలో ఆంగ్లము ఒక విభాగము. ఈ పరీక్ష కొరకు విద్యార్థులు ద్విభాషా పదపట్టికలను కంఠస్థము చేయుదురు.

పదనిర్మాణము, ఉచ్చారణ

"హార్డ్" అనగా కఠినము. ఇచ్చటి "షిప్" ఓడ కాదు. స్థితిని తెలుపు ప్రత్యయము. లీడర్‌షిప్, ఇంటర్న్‌షిప్ అను పదములు కొరియన్‌లో చేరియున్నందున ఈ ప్రత్యయము వారికి పరిచితమే. కొరియన్‌లో ఈ పదమును "హా-దు-షిప్" అని మూడు అక్షరములుగా వ్రాయుదురు. రకారము లోపించును, దకారమునకు అచ్చు చేరును. చివరి అక్షరము "పది" అను సంఖ్యావాచకముతో సమానము.

అర్థభేదము

ఈ పదమునకు సమానార్థకముగా చెప్పబడు కొరియన్ పదములలో "గోసెంగ్" ఒకటి. ఇది చేదు, జీవితము అను అర్థములు గల రెండు చీనా అక్షరముల కలయిక. దీని పరిధి చాల విస్తృతము. "యౌవనములో గోసెంగ్‌ను కొనియైనను అనుభవింపవలెను" అను భావము గల కొరియన్ సామెతలో దీనిని హార్డ్‌షిప్ అని అనువదింపవచ్చును. కాని పని ముగించిన సహోద్యోగితో "గోసెంగ్ హష్యొస్సుమ్నిదా" అనుట కేవలము మర్యాద. "శ్రమ తీసికొన్నారు" అని దాని భావము. అచ్చట హార్డ్‌షిప్ అనినచో ఒకనాటి పని ఆకలి బాధతో సమానమగును. తీవ్రతలో "గోనన్" అను పదము దీనికి మరింత సమీపము. "యొక్‌గ్యొంగ్" ప్రతికూల పరిస్థితిని తెలుపును. దానికి అడ్వర్సిటీ తగిన పదము.

తెలుగుతో పోలిక

తెలుగులోను "కష్టపడి చదివెను", "తిండి లేక కష్టపడెను" అను రెండు వాక్యములకు క్రియ ఒక్కటే. మొదటిది హార్డ్ వర్క్, రెండవది హార్డ్‌షిప్. కావున తెలుగు విద్యార్థులకును ఇదే పొరపాటు కలుగవచ్చును.

అభ్యాస విధానము

పదమును ఒంటరిగా గాక, దానితో కలిసి వచ్చు పదములతో నేర్చుకొనుట మేలు. సఫర్, ఎండ్యూర్ అను క్రియలు, ఫైనాన్షియల్, ఎకనామిక్ అను విశేషణములు దీనితో తరచుగా కలియును. వేర్వేరు బాధలను చెప్పునపుడు హార్డ్‌షిప్స్ అను బహువచనము కూడ వాడబడును.